పదికి పది, కాగితం మీద నాలుగు: ఒక ఎనిమిదో తరగతి కేసు

ఈ కేసు రాయడానికి కారణం ఒక నోటుబుక్కు చివరి పేజీ. అందులో పెన్సిలుతో నిలువుగా అంకెలు రాసి ఉన్నాయి: 3, 1, 4, 2, 2, 1, 3, 4, 1, 2. ఆ పేజీ నా కంటపడేదాకా మా కంప్యూటర్ గదిలో చదువు బ్రహ్మాండంగా సాగిపోతోందనే నమ్మాను. పిల్ల పేరు, ఆనవాలు పట్టించే వివరాలు మార్చాను. ఆమెను భవాని అందాం.

నేపథ్యం

గుంటూరు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. నేను అక్కడ ఫిజికల్ సైన్స్ చెబుతాను. కంప్యూటర్ గది తాళం కూడా నా దగ్గరే ఉంటుంది. కంప్యూటర్లు చదివి కాదు, ఒకసారి ప్రింటర్ బాగుచేసిన పాపానికి. 11 సిస్టమ్‌లు పనిచేస్తాయి, ఎనిమిదో తరగతిలో 33 మంది, అంటే మౌస్ ఒకటి, చేతులు మూడు జతలు. నెట్ వస్తే వచ్చినట్టు, పోతే నా ఫోన్ హాట్‌స్పాట్.

పిల్లలు ఆ గదిలో ఎక్కువగా చేసేది మూడు పనులు. ప్రతి పాఠం చివర పది ప్రశ్నల క్విజ్ ఉంటుంది. సరైన జవాబు నొక్కితే పచ్చరంగు, తప్పయితే ఎర్రరంగు, మళ్ళీ నొక్కొచ్చు. సోషల్‌లో సంఘటనల కార్డులను లాక్కెళ్ళి కాలరేఖ మీద పెట్టాలి. తెలుగులో చెల్లాచెదురైన వాక్యాలను వరసలో పేర్చాలి. ఏది పూర్తి చేసినా ఒక స్టార్ వస్తుంది. స్టార్లన్నీ లెక్కేసి ఎవరికి ఎన్నో చూపే చార్టు ఒకటి తలుపు పక్కన నేనే అంటించాను. ఈ చార్టు సంగతి మళ్ళీ వస్తుంది.

భవాని వాళ్ళమ్మ మిరపకోతలకు వెళ్తుంది. సీజన్‌లో భవాని కూడా వారానికి రెండు రోజులు కనిపించదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అన్న చేతిలో ఉంటుంది. ఐదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు పేరుకు ఇంగ్లీషు మీడియం. మా పాఠ్యపుస్తకాల్లో ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఇంకో భాష. ఆమె పుస్తకంలో తెలుగు పేజీల అంచులే నలిగి ఉంటాయి.

సమస్య ఎలా బయటపడింది

స్టార్ల చార్టులో భవాని మొదటి మూడు పేర్లలో ఉండేది. సైన్స్, సోషల్, తెలుగు, మూడింటిలోనూ అంతే. తీరా మొదటి ఫార్మేటివ్ (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్ష) పేపర్లు దిద్దితే సైన్స్‌లో 20కి 4. విద్యుత్ వలయం పటం గీసి, బల్బు ఎప్పుడు వెలుగుతుందో రాయమన్న ప్రశ్నకు జవాబుగా ఆ ప్రశ్ననే పొందికగా మళ్ళీ రాసింది. పేపర్లు దిద్దేవాళ్ళందరికీ ఈ అలవాటు తెలిసిందే. ఖాళీ వదలడం పిల్లకు నామోషీ, రాయడానికి ఏమీ లేదు, అందుకని ప్రశ్నే జవాబు. సోషల్ మేడంని అడిగితే ఆవిడ దగ్గరా అదే. తెలుగు మాస్టారు వ్యాసం చూపించారు. మూడు వాక్యాలు, మూడూ "ఇది చాలా మంచిది" తోనే ముగిశాయి.

నాకు ముందు తోచింది పరీక్ష భయం. కంప్యూటర్ దగ్గర టెన్షన్ లేదు కాబట్టి వస్తోంది, హాల్లో కూర్చుంటే మర్చిపోతోంది అనుకున్నాను. ఈ ఊహ నాకు హాయిగా ఉంది, ఎందుకంటే అందులో నా తప్పేమీ లేదు. రెండు వారాలు అలాగే నమ్మాను. తర్వాత ఒక మామూలు క్లాసులో, మార్కుల మాటెత్తకుండా, అదే క్విజ్‌లోని పది ప్రశ్నలు కాగితం మీద ఇచ్చాను. ఆప్షన్లు అవే, వరస మాత్రం మార్చాను. భవానికి 3 వచ్చాయి. నాలుగేసి ఆప్షన్లున్న పది ప్రశ్నలకు కళ్ళు మూసుకుని టిక్కులు పెట్టినా సగటున రెండున్నర వస్తాయి. అంటే ఆమె మర్చిపోవడం లేదు. అసలు ఎన్నడూ తెలిసి ఉండలేదు. మరి తెర మీద పదికి పది ఎక్కణ్ణుంచి వస్తోంది?

మర్నాడు కంప్యూటర్ పీరియడ్‌లో ఆమె వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఏమీ మాట్లాడలేదు. మొదటి ఐదు నిమిషాలు వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది, తర్వాత నన్ను మర్చిపోయింది. ప్రశ్న వైపు చూడనేలేదు. చూపంతా ఆప్షన్ల మీదే. ముందు అన్నిటికంటే పొడుగ్గా ఉన్నది నొక్కింది. ఎర్ర. తర్వాతది. ఎర్ర. మూడోది పచ్చ. పక్కనున్న పిల్ల నోటుబుక్కు చివరి పేజీలో "3" వేసింది. మొదటి విడత ఇలా పూర్తయ్యాక "మళ్ళీ ఆడు" మీట నొక్కారు. ప్రశ్నలు అదే వరసలో వచ్చాయి. ఈసారి పేజీ చూస్తూ టకటకా పది. స్టార్. మొత్తం మూడు నిమిషాలు కూడా పట్టలేదు. పీరియడ్ అయ్యేలోపు ఆ పేజీ వెనక బెంచీకి వెళ్ళింది.

కోపం రాలేదని చెప్పను. కానీ ఇంటికెళ్ళాక ఆలోచిస్తే ఆ పిల్లల లెక్క నాకంటే బాగుందనిపించింది. ముగ్గురికి ఒక మౌస్. ముందు ముగించినవాళ్ళ పేరు చార్టులోకి, ఆపైన ఐదు నిమిషాలు పెయింట్‌లో బొమ్మలు వేసుకోవచ్చు. చదివి జవాబిస్తే ఆలస్యమవుతుంది, మౌస్ పక్కవాడి చేతికి పోతుంది. నేను పెట్టిన ఆటకు వాళ్ళు కనిపెట్టిన మంచి ఎత్తు అది. కంప్యూటర్ ట్యూటర్లతో, అంటే పాఠం నేర్పే సాఫ్ట్‌వేర్‌తో, పిల్లలు ఇలా వ్యవహరించడాన్ని 2004 ప్రాంతంలోనే అమెరికాలో రయన్ బేకర్, ఆయన సహచరులు గమనించి, వ్యవస్థతో ఆడుకోవడం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అమెరికాలో మంచి ల్యాబుల్లోనూ ఉన్న జబ్బే అని తెలిశాక కాస్త ఊరట కలిగింది.

చేసినవి, చెడినవి

మొదటి మందు అందరికీ తోచేదే. ప్రశ్నలు, ఆప్షన్లు ప్రతిసారీ కలగాపులగం అయ్యేలా సెట్ చేశాను, ప్రశ్నకు 30 సెకన్ల గడియారం పెట్టాను, తప్పు నొక్కితే మళ్ళీ అవకాశం తీసేశాను. అంకెల పేజీ పనికిరాకపోతే చచ్చినట్టు ప్రశ్న చదువుతారు కదా అని నా తర్కం. వారం తిరిగేసరికి భవానికి మళ్ళీ 8 వస్తున్నాయి. ఈసారి అంకెల బదులు జవాబుల రూపం గుర్తుపెట్టుకుంది. "ఉప్పునీళ్ళు" అని మొదలయ్యేది కరెక్టు, "పైవన్నీ" ఉంటే పైవన్నీ. ప్రశ్న మాత్రం ఇప్పటికీ చదవడం లేదు. గడియారం దెబ్బ తగిలింది ఇంకొకళ్ళకి: కూడబలుక్కుంటూ నిజంగా చదివే నలుగురైదుగురికి. వాళ్ళ స్కోర్లు కింద పడ్డాయి, ఒకబ్బాయి కంప్యూటర్ పీరియడ్ అంటే కడుపునొప్పి అనడం మొదలుపెట్టాడు. దొంగదారి మూశానే గానీ అసలు దారి చూపలేదు. గడియారం తీసేశాను.

తర్వాత వీడియోలు. వీటి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. "అర్థమైందా?" "అయింది సార్." అంతే.

మూడోది మీద చాలా ఆశ పెట్టుకున్నాను. ఆప్షన్లే లేకుండా చేసి, జవాబు టైపు చేయమన్నాను. గుర్తుపట్టడం వేరు, గుర్తు తెచ్చుకోవడం వేరు. ఖాళీ పెట్టె ఎదురుగా ఉంటే బుర్ర కదపక తప్పదు. ఈ ఆలోచన తప్పు కాదని ఇప్పటికీ అనుకుంటున్నాను. చెడింది తెలుగు టైపింగ్ దగ్గర. మా సిస్టమ్‌లలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే ఏర్పాటు ఉంది. "విద్యుత్" రావాలంటే ఇంగ్లీషులో ఏం కొట్టాలి? ద్య వస్తే త్ రాదు, త్ వస్తే కింద ఒత్తు వచ్చి కూర్చుంటుంది. ఆరు మాటల జవాబుకు భవానికి ఇరవై నిమిషాలు పట్టింది. మూడో రోజుకల్లా ఆమె జవాబులన్నీ ఒక్క మాటకు వచ్చాయి: "అవును", "లేదు", "కరెంటు". నేను కొలుస్తున్నది సైన్స్ కాదు, టైపింగ్. అదీ ఆమెకు ఎవరూ నేర్పని టైపింగ్.

ఇక్కడ ఆగాను. మూడుసార్లూ తెరనే మార్చాను. పిల్లకు ఎంత వచ్చో, ఎక్కడ ఆగుతోందో ఒక్కసారీ చూడలేదు. జ్వరం చూడకుండా మాత్రలు మార్చినట్టే. ఒకరోజు మధ్యాహ్న భోజనం అయ్యాక వరండాలో కూర్చోబెట్టి, కాగితం, కంప్యూటర్ ఏవీ లేకుండా అడిగాను: బల్బు వెలగాలంటే ఏం కావాలమ్మా?

"బ్యాటరీలో ఒక కొస నుంచి బయలుదేరి బల్బులోకి పోయి మళ్ళీ రెండో కొసకి రావాల సార్. మధ్యలో ఎక్కడ తెగినా ఆగిపోద్ది."

పేపర్లో ఈ రెండు వాక్యాలు రాసి ఉంటే ఆ ప్రశ్నకు నేను ఫుల్ మార్కులు ఇచ్చేవాణ్ణి.

అంటే సమస్య ఒకటి కాదు, రెండు. నోటితో చెప్పగలిగింది కాగితం మీదికి దిగడం లేదు, ఇది మొదటిది. ఇంకొంచెం తవ్వితే రెండోది దొరికింది. "ఒకదాని వెనక ఒకటి రెండు బల్బులు పెడితే?" అని అడిగాను. "మొదటిది బాగా వెలుగుద్ది సార్. కరెంటు అదే తినేసుద్ది. రెండోదానికి మిగిలిందే." ఈ ఊహ ప్రపంచమంతా పిల్లల్లో ఉంది, పెద్దల్లోనూ ఉంది. పొలంలో కాలువ నీళ్ళు చూసిన పిల్లకు మరీ సహజం. పైమడి తాగాక కింది మడికి మిగిలిందే కదా. మా క్విజ్‌లో ఈ తప్పు ఆప్షన్‌గా లేదు. కాబట్టి భవాని వెయ్యిసార్లు ఆడినా అది బయటపడదు.

పనిచేసినది: ముందు రాత, తర్వాత మౌస్

పెట్టిన నియమం ఒక్కటే. పీరియడ్ మొదలవగానే మౌస్‌లన్నీ బోర్లా ఉండాలి, ఎర్ర దీపం పైకి కనిపించేలా. ఏం జరగబోతోందో, ఎందుకనుకుంటున్నారో, ముగ్గురూ ఎవరి నోటుబుక్కులో వాళ్ళు రాశాకే మౌస్ తిరగెయ్యాలి. రాసింది తప్పయినా కొట్టేయకూడదు, కింద ఇంకో వాక్యం రాసుకోవాలి. ఇది నేను కనిపెట్టింది కాదు. ఊహించు, గమనించు, వివరించు అనే ఈ పద్ధతిని ఆస్ట్రేలియాలో వైట్, గన్‌స్టన్ అనే ఇద్దరు ఎన్నో ఏళ్ళ కిందటే ప్రచారంలోకి తెచ్చారు. నాకు కావలసింది దాన్ని మూడు చేతుల జతల మధ్య నిలబెట్టే గుర్తు. బోర్లా మౌస్ ఆ పని చేసింది. గుమ్మంలోంచి ఒక్క చూపులో ఎవరు రాస్తున్నారో, ఎవరు నొక్కేశారో తెలిసిపోతుంది.

క్విజ్ పక్కనపెట్టి, కొలరాడో యూనివర్సిటీ వాళ్ళ ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాలు, తీసుకున్నాను. 2001లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. ఉచితం, చాలావాటికి తెలుగు ఉంది, ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో నడుస్తాయి. మా బడికి ఈ చివరిది చాలు. నేను ఎంచుకున్న కారణం మాత్రం వేరే ఉంది: వలయం కట్టే ఆ సిమ్యులేషన్‌లో స్టార్లు లేవు, పచ్చ ఎర్ర రంగులు లేవు. ఏం కడితే అది జరుగుతుంది. నాణెం, రబ్బరు, పెన్సిలు కూడా మధ్యలో పెట్టి చూడొచ్చు. బ్యాటరీ రెండు కొసలకూ నేరుగా తీగ కలిపితే మంట లేస్తుంది. మొదటి రోజు క్లాసంతా బ్యాటరీలు తగలబెట్టింది. పది నిమిషాలు వదిలేశాను, గోడ ప్లగ్గుల దగ్గర ఇవేమీ చేయకూడదని మూడుసార్లు చెప్పించాను, ఆ తర్వాతే పాఠం.

రెండు బల్బుల ప్రశ్న వేశాను. భవాని రాసింది: "మొదటిది ఎక్కువ. రెండోదానికి కరెంటు మిగలదు." మౌస్ తిరగేసింది, కట్టింది. రెండూ సమానంగా వెలిగాయి, ఒక్క బల్బు కంటే మసకగా. కాసేపు చూసి, "కంప్యూటర్ తప్పు సార్" అంది.

నాకు ఆ మాట నచ్చింది. పచ్చరంగు చెప్పిందల్లా నమ్మే పిల్ల మొదటిసారి తెరతో దెబ్బలాటకు దిగింది. సరే నిజంవి చూద్దామని ల్యాబ్‌లోంచి రెండు టార్చి బల్బులు, రెండు సెల్లులు తెచ్చాను. కడితే ఏమైందంటే, మొదటి బల్బే ఎక్కువ వెలిగింది! భవాని మొహం వెలిగిపోయింది, నాది ఆరిపోయింది. అప్పుడు తట్టింది, ఆ రెండు బల్బులూ ఒక్కలాంటివి కావని. తెర మీది బల్బులు కవలలు, షాపులో కొన్నవి కవలలు కావు. చెప్పబోయి ఆగాను. చెబితే మళ్ళీ నా మాటే జవాబు అవుతుంది. "రెండింటినీ అటూ ఇటూ మారుద్దామా? ముందు ఏమవుద్దో రాయి" అన్నాను. "మళ్ళీ మొదటిదే" అని రాసింది. మారిస్తే, ఇందాక బాగా వెలిగినదే రెండో చోటుకెళ్ళినా బాగా వెలిగింది. ఆమె మళ్ళీ మార్చింది. ఇంకోసారి మార్చింది. "చోటుది కాదు సార్, బల్బుది."

తిరిగి తెర దగ్గరికి వెళ్ళి, బ్యాటరీ 9 వోల్టులు, బల్బుల నిరోధం పదేసి ఓమ్‌లు ఉంచి, కరెంటు కొలిచే అమ్మీటరు మూడు చోట్ల పెట్టించాను: మొదటి బల్బుకు ముందు, రెండింటి మధ్య, రెండోదాని తర్వాత. మూడు చోట్లా 0.45 ఆంపియర్లు. టార్చి బల్బులతో ఇంత శుభ్రమైన అంకెలు మా ల్యాబ్ మీటర్లు చూపలేవు, తెర చూపింది. టార్చి బల్బులు తెచ్చిన తగువును మాత్రం తెర తేలేకపోయేది. రెండూ కావలసి వచ్చాయి. ఆరోజు ఆమె నోటుబుక్కులో ఆఖరి వాక్యాలు ఇవి: "కరెంటు తగ్గలేదు. వెలుగు తగ్గింది. అయితే ఏం తగ్గింది?" అక్కణ్ణుంచి వోల్టేజి చెప్పడం నాకు పావుగంట పని. 9 వోల్టులను రెండు బల్బులూ చెరి 4.5 పంచుకున్నాయి. ఆ పావుగంట కోసం అంతకుముందు రెండు పీరియడ్లు పోయాయని కూడా చెప్పాలి.

రాయి రెండు ముఖాలు

సోషల్ మేడం కాలరేఖ కార్డులకూ ఇదే రోగం. కార్డు సరైన చోట పెడితే అతుక్కుంటుంది, లేకపోతే వెనక్కి పోతుంది. కాబట్టి అన్ని చోట్లా పెట్టి చూడటమే. బోర్లా మౌస్ నియమం అక్కడ అంతగా పనిచేయలేదు. ఏ సంవత్సరం ముందో ఊహించడానికి పిల్లకు ఆధారం ఏముంది? ఊహకు ఆధారం లేకపోతే అది లాటరీయే. అందుకని ఆవిడ కార్డులు వదిలేసి బొమ్మ పట్టుకున్నారు.

మాకు అమరావతి దూరం కాదు. అక్కడి పాత బౌద్ధ స్తూపం శిల్పాలు కొన్ని చెన్నై మ్యూజియంలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. లండన్‌లోవి ఆన్‌లైన్‌లో దగ్గరగా పెంచి చూడొచ్చు. వాటిలో ఒక రాతిపలకకు రెండు వైపులా చెక్కడం ఉంది. ఒకవైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటిది, బోధివృక్షాన్ని పూజిస్తున్న జనం. సుమారు మూడొందల ఏళ్ళ తర్వాత ఆ రాయినే తిప్పి రెండోవైపు స్తూపాన్ని చెక్కారు. మేడం ఇంట్లో బొమ్మలు దించుకుని వచ్చి, కింద వివరం లేకుండా మొదటి వైపు మాత్రం చూపించారు. కనిపించేవి మూడు, అడగాలనిపించేది ఒకటి రాయాలి. ఆ తర్వాతే రెండోవైపు, ఆ తర్వాతే వివరం.

భవాని రాసింది మేడం నాకు చూపించారు: "చెట్టు కింద పీట ఉంది. దాని మీద ఎవరూ లేరు. అందరూ దండం పెడుతున్నారు. ఎవరికి?" బుద్ధుణ్ణి మనిషి రూపంలో కాక గుర్తులతో చూపిన కాలం గురించి మేడం చెప్పాల్సిన పాఠానికి దారి తనంతట తనే తెరుచుకుంది. రాయిని ఎందుకు తిప్పారన్న ప్రశ్నకు క్లాసులో బోలెడు జవాబులొచ్చాయి. పాతది అరిగిపోయిందని కొందరు, రాయి ఖరీదని ఒకడు. దీపాలదిన్నె అని ఊరివాళ్ళు పిలిచే ఆ దిబ్బలోంచి తర్వాతి కాలంలో ఇళ్ళకూ కట్టడాలకూ రాళ్ళు తవ్వుకుపోయారనీ, 1798లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ మొదటిసారి వచ్చి చూసేనాటికే అది జరుగుతోందనీ మేడం చెబితే, ఆ ఖరీదన్న పిల్లాడు కాలరెగరేశాడు. సంవత్సరాలు కూడా అప్పుడే గుర్తున్నాయి, ఎందుకంటే ఇప్పుడు వాటిని తగిలించడానికి ఒక రాయి ఉంది.

రాత దగ్గర

తెలుగు మాస్టారికి ఈ గదంటే పడదు. "ఈ పెట్టెల ముందు కూర్చుంటే చేతిరాత పోతుంది మాస్టారూ" అనేవారు. తీరా భవాని విషయంలో అసలు ఉపాయం ఆయనదే. వరండాలో ఆమె నోటితో చెప్పిన సంగతి నేను చెబితే, "మరి ఆ చెప్పిందాన్నే రాయించండి, కొత్తగా ఏం రాయమంటారు?" అన్నారు. ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టి ఆమె చేతికిచ్చాం. బల్బుల సంగతి తన మాటల్లో చెప్పింది. ఫోన్ రాసింది ఒకే వాక్యం, ఆరు లైన్లు, ఎక్కడా ఫుల్‌స్టాప్ లేదు, సర్క్యూట్ కాస్తా సర్కస్ అయింది. మాస్టారు దాన్ని ఉన్నదున్నట్టు బోర్డు మీద రాశారు. క్లాసంతా నవ్వింది. నవ్వింది సర్కస్‌కి గానీ భవానికి కాదు, ఆ తేడా ఆమెకు తెలిసింది. ఎక్కడ ఊపిరి తీసుకున్నావో అక్కడ చుక్క పెట్టమన్నారు. పెట్టింది. "ఆగిపోద్ది" దగ్గర తనే ఆగి, "పుస్తకంలో ఇలా ఉండదు కదా సార్" అని "ఆగిపోతుంది" అని మార్చింది. ఆ తర్వాత నోటుబుక్కులోకి ఎక్కించుకుంది. జవాబు పొడవు తొమ్మిది లైన్లు.

దీనికి జతగా నేనొక ఆట చేర్చాను. ఇద్దరు పిల్లలు వీపులు ఆనించుకుని కూర్చుంటారు. ఒకరి ముందు తెర మీద కట్టిన వలయం, రెండోవాళ్ళ చేతిలో ఖాళీ కాగితం. తెర చూసేవాళ్ళు చెబుతుంటే చూడనివాళ్ళు గీయాలి. మొదటి రోజు వినిపించింది ఇదీ:

"తీగ ఇక్కణ్ణుంచి ఇక్కడికి పెట్టు."
"ఇక్కడ అంటే ఎక్కడే?"
"అబ్బా, ఇక్కడే!"

రెండో రోజు నుంచి "ఇక్కడ", "అది", "అలా" అనే మాటలు నిషేధం. అప్పుడు "బ్యాటరీ ప్లస్ కొస", "రెండు బల్బుల మధ్య", "స్విచ్‌కి అవతల" పుట్టుకొచ్చాయి. మూడో రోజు చెప్పడం మానేసి చీటీ రాసివ్వమన్నాను. పేపర్లో ప్రశ్ననే జవాబుగా రాసిన పిల్ల, చీటీలో మాత్రం ఒక్క మాట కూడా వృథాగా రాయలేదు. చదివేది నేనైతే నాకు ఎలాగూ జవాబు తెలుసు. వీపు వెనకున్న పిల్లకు తెలియదు. ఆమె రాతను కదిలించింది ఇదేనని నా నమ్మకం.

ఫలితం, నా లెక్కలు

అర్ధ సంవత్సరం పరీక్షలో అలాంటి ప్రశ్నలకే 20కి 9 వచ్చాయి. ఏ ప్రశ్ననూ జవాబుగా తిరిగి రాయలేదు. ఒత్తులు ఇప్పటికీ పోతాయి, ఇంగ్లీషు వైపు పేజీ ఇంకా తెల్లగానే ఉంది. మిరపకోతలు మొదలయ్యాక మూడు వారాల్లో సగం పాఠాలు పోయాయి, దానికి ఈ పద్ధతిలో మందు లేదు. క్విజ్‌లో మాత్రం పదికి పది పోయి ఆరుకు వచ్చింది. "ఇంతకుముందు బాగా వచ్చేవి సార్" అని మొహం చిన్నబుచ్చుకుంది. చదివి నొక్కితే వచ్చిన ఆరు అది అని చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు. చార్టు చింపేశాను. దాన్ని అంటించిన రోజే ఈ కేసు మొదలైంది మరి.

పీరియడ్‌కు పది ప్రశ్నలు నడిచే చోట ఇప్పుడు రెండే నడుస్తున్నాయి. సిలబస్ సంగతేంటని హెడ్‌మాస్టర్ గారు అడిగారు, అడగాల్సిందే. అన్ని పాఠాలకూ ఇలా చేయడం లేదు. పిల్లల తలలో ముందే ఒక బలమైన తప్పు ఊహ కూర్చున్న పాఠాలకే చేస్తున్నాను: కరెంటు, బరువులు పడటం, గ్రహణాలు. మిగతావాటికి మామూలు బోర్డే త్వరగా అవుతుంది. క్విజ్ కూడా పారేయలేదు. పాఠం చెప్పిన వారం తర్వాత, కాగితం మీద, జ్ఞాపకం ఎంత నిలిచిందో చూడటానికి అది బాగానే పనికొస్తుంది.

మళ్ళీ ఇలాంటి కేసొస్తే వరస తిరగేస్తాను. వరండాలో ఐదు నిమిషాల మాట మొదటి రోజే జరగాలి. వెనక కుర్చీ రెండో రోజు. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల జోలికి వెళ్ళడం ఆ తర్వాతే. నేను సరిగ్గా దీనికి ఎదురు నడిచి నెలన్నర పోగొట్టాను.

ఇంకొకటి కూడా రాయాలి. భవాని సిస్టమ్ దగ్గరే కూర్చునే ఒకబ్బాయి ఉన్నాడు. ఇంతకుముందు ఆమె అంకెల పేజీ చూసి నొక్కేవాడు. ఇప్పుడు మౌస్ బోర్లా పెట్టి బుద్ధిగా కూర్చుంటాడు, ఆమె ఊహ రాయడం ముగిశాక దాన్ని అక్షరం పొల్లుపోకుండా తన పుస్తకంలో ఎక్కించి మౌస్ తిరగేస్తాడు. ఆమె కొట్టేయని తప్పులు కూడా అతని పుస్తకంలో ఉన్నాయి. సోమవారం మూడో పీరియడ్ ఎనిమిదో తరగతికి కంప్యూటర్ గది. కుర్చీ ఈసారి అతని వెనక వేయాలి.